పట్టు మీద పిట్ట, పండు, ఆకు: చైనా గోంగ్‌బీ చిత్రం ఎలా వేయాలి

చైనాలో పూలు, పక్షుల బొమ్మలు వేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి నాలుగైదు కుంచె విసుర్లతో పక్షిని నిలబెట్టేసే షియేయీ. రెండోది గోంగ్‌బీ. ఇందులో ముందు వెంట్రుకంత సన్నగా గీత గీస్తారు, తర్వాత దాని లోపల పల్చటి రంగు పొర మీద పొరగా ఎక్కిస్తారు. ఇక్కడ చెప్పబోయేది రెండోదాని గురించే. పదో శతాబ్దంలో చెంగ్డూ ఆస్థానంలో పనిచేసిన హ్వాంగ్ చ్యువాన్ నుంచి సోంగ్ వంశపు రాజుల కాలం (10–13 శతాబ్దాలు) దాకా పట్టు మీద ఈ పద్ధతి పండింది.

మొదలుపెట్టే ముందే ఒక మాట. ఈ పనిలో ముప్పావు వంతు రంగు కుంచెది కాదు, నీళ్ల కుంచెది. రంగు తడిని ఎక్కడ ఆపాలో, ఎలా కరిగించాలో చేతికి పట్టుబడితే మిగతాదంతా ఓపికే. జానెడు బొమ్మకైనా రెండు మూడు వారాల సాయంత్రాలు పక్కన పెట్టుకోండి. ఆదివారం ఒక్కరోజులో ముగించాలనుకునేవాళ్లకి కాగితం మీద షియేయీయే హాయి.

ఏ బొమ్మతో మొదలుపెట్టాలి

సొంత బొమ్మతో వద్దు. పాత బొమ్మని నకలు చేయండి. నకలంటే చిన్నతనం అనుకునే అలవాటు మనకుంది కానీ, చైనాలో ఆరో శతాబ్దంలో షియే హ చెప్పిన ఆరు చిత్రకళా సూత్రాల్లో పాతవాళ్లని నకలు చేయడం కూడా ఒకటి. హ్వాంగ్ చ్యువాన్ పక్షులు, పురుగులు, తాబేళ్లు కలిపి ఒకే పట్టు ముక్క మీద వేసిన చిత్రం ఇప్పటికీ బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. దాని మూల, ఇది కొడుకు జూబావో అభ్యాసం కోసం అని రాసి ఉంటుంది. అంత గొప్ప చిత్రకారుడి కొడుకే నకలుతో మొదలుపెట్టాడు.

నా సలహా లిన్ చున్ వేసిన చిన్న చిత్రం. ఈయన 12వ శతాబ్దం చివర్లో హాంగ్‌ఝౌ ఆస్థాన చిత్రకారుడు. పండ్లు కాసిన అడవి ఆపిల్ కొమ్మ మీద ఒక బుల్లి పిట్ట తోక పైకెత్తి, రొమ్ము ముందుకు పెట్టి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎగిరిపోయేలా ఉంటుంది. బొమ్మ ఒక్కో వైపు సుమారు 27 సెంటీమీటర్లు, అంతే. ఇదీ బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోనే ఉంది, మంచి ఫొటోలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. దీన్నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, ఇందులో నున్నటి పండు, ముడతల ఆకు, గరుకు కొమ్మ, మెత్తటి ఈక, నాలుగూ ఉన్నాయి. పైగా ఆకులు పురుగు కొట్టినవి, అంచులు ఎండినవి. అందమైన ఆకు కంటే పాడైన ఆకు వేయడం సులువు, చూడ్డానికీ బాగుంటుంది. ఎక్కడైనా రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎండిన ఆకు మీద ఎవరూ పట్టించుకోరు.

ఏమేం కావాలి

పట్టు రెండు రకాలు. పటిక, జిగురు పట్టించి నీళ్లు పీల్చకుండా చేసినది ఒకటి, ఏమీ పట్టించని పచ్చి పట్టు ఇంకొకటి. గోంగ్‌బీకి మొదటిదే కావాలి. తేడా తెలియాలంటే మూల మీద ఒక చుక్క నీళ్లు వేయండి. చుక్క గుండ్రంగా నిలబడితే సిద్ధంగా ఉన్నట్టు, పీల్చుకుంటే పచ్చిది. చిత్రాలకని నేసిన చైనా పట్టు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. అది దొరక్కపోతే నేత బాగా దగ్గరగా ఉన్న, పల్చటి, రంగు వేయని సిల్క్ ఆర్గంజా చూడండి. బట్టల షాపుల్లో ఆర్గంజా అని అమ్మేది చాలాసార్లు పాలియెస్టర్. ఒక పోగు లాగి కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదైతే పట్టు. కరిగి గట్టి పూసలా మారితే వదిలేయండి.

కుంచెలు కనీసం నాలుగుండాలి. గీతకి పొడుగ్గా, మొన సన్నగా ఉండేది ఒకటి. చైనాలో దీన్ని వీజిల్ అనే ముంగిసలాంటి జంతువు వెంట్రుకలతో కడతారు. ఇక్కడ మాత్రం ముంగిస వెంట్రుకల కుంచె ఎవరైనా అమ్మితే కొనకండి, మన వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మంచి సింథటిక్ సున్నా నంబర్ కుంచె సరిపోతుంది. రంగుకి మధ్యస్థం సైజు మేక వెంట్రుకల మెత్తటి కుంచెలు రెండు తీసుకోండి, ఒకటి రంగుకి, ఒకటి నీళ్లకి. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి. నాలుగోది పటిక నీళ్లు పూయడానికి వెడల్పు కుంచె.

సిరా కోసం గట్టి సిరా కడ్డీ, దాన్ని నూరే రాయి తీసుకోండి. సీసాలో సిరా గీతలకి పర్లేదు కానీ, తడి తగిలితే కొన్ని మళ్లీ చెదురుతాయి. ముందు ఒక ముక్క మీద గీసి, ఎండాక తడి కుంచెతో రుద్ది చూడండి.

రంగులకి చైనీస్ పెయింటింగ్ కలర్స్ అని ట్యూబుల సెట్లు వస్తాయి, మొదటి బొమ్మకి అవి చాలు. పాతకాలం పేర్లు తెలిస్తే మాత్రం ఏది ఎలా ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. నీలిమందు, గాంబోజ్ అనే పసుపు చెట్టు పాలు, ఎరుపు లక్కరంగు ఇవన్నీ పారదర్శకం, పొరలుగా ఎక్కించడానికి పనికొస్తాయి. ఇంగిలీకం, అజూరైట్ నీలం, మలకైట్ ఆకుపచ్చ, ఆలిచిప్పల పొడి తెలుపు ఇవి రాళ్లు, గుల్లలు నూరిన పొడులు, కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. పారదర్శకమైనవి ముందు, కప్పేవి తర్వాత. ఈ వరస తప్పిందంటే బొమ్మ బురద బురదగా తయారవుతుంది.

అసలు రంగులే వాడేవాళ్లు జాగ్రత్త. ఇంగిలీకంలో పాదరసం, హరిదళం అనే పసుపు రాయిలో ఆర్సెనిక్ ఉంటాయి. గాంబోజ్ కడుపులోకి పోతే విషం. కుంచె మొన సన్నగా చేయడానికి పెదాల మధ్య పెట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి.

పట్టు బిగించడం, పటిక పట్టించడం

బొమ్మ కంటే నాలుగు వైపులా నాలుగు వేళ్లు పెద్దగా చెక్క ఫ్రేమ్ చేయించండి. ఫ్రేమ్ అంచుకి మైదా ఉడికించిన చిక్కటి జిగురు రాసి, పట్టు పోగులు ఫ్రేమ్‌కి సమాంతరంగా ఉండేలా అంటించండి. ఎదురెదురు వైపులు కలిపి లాగాలి, లేకపోతే నేత వంకరపోయి పక్షి కూడా వంకరగా వస్తుంది. ఇనుప పిన్నులు వద్దు, తడికి తుప్పు పట్టి మరక పడుతుంది.

కొన్న పట్టుకి ముందే పటిక పట్టించి ఉంటే ఇక్కడితో ఈ పని అయిపోయింది. పచ్చిదైతే ద్రావణం చేసుకోవాలి. పాత చైనా లెక్క ఎండాకాలంలో ఏడు పాళ్లు జిగురుకి మూడు పాళ్లు పటిక, చలికాలంలో పది పాళ్లు జిగురుకి మూడు. మన ఎండలకి మొదటి లెక్కే బాగుంటుంది. అర లీటరు నీళ్లకి ఏడు గ్రాముల జిలెటిన్, మూడు గ్రాముల పటిక. జిలెటిన్‌ని చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ గిన్నెని వేడినీళ్లలో పెట్టి కరిగించండి. మరిగిస్తే జిగురు బలం పోతుంది. కిరాణా కొట్లో దొరికే పటికనే పొడి చేసి, విడిగా గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, తర్వాత రెండూ కలిపి వడకట్టండి.

మన కలంకారీలో పటిక చేసే పని వేరు, అక్కడ అది రంగుని బట్టకి పట్టిస్తుంది. ఇక్కడ పోగుల సందుల్ని మూసి, రంగు పాకకుండా అడ్డం పడుతుంది. అందుకే ఎక్కువైతే ముప్పు. పట్టు మీద ఉప్పు పేరినట్టు మెరుస్తుంది, కుంచె జారదు, కొన్నేళ్లకి పట్టు పెళుసుబారి చిట్లుతుంది. తక్కువైతే మళ్లీ ఒకసారి పూయొచ్చు, ఎక్కువైతే తీయలేం. కాబట్టి పల్చగా రెండు సార్లు.

ఫ్రేమ్‌ని నిలబెట్టి, వెడల్పు కుంచెతో ఎడమ నుంచి కుడికి, పూసిన చోట మళ్లీ రుద్దకుండా పూసుకుంటూ రండి. తడికి పట్టు వేలాడుతుంది, కంగారు పడొద్దు, ఎండితే డప్పులా బిగుస్తుంది. బాగా ఎండాక ఈసారి పై నుంచి కిందకి పూయండి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

గీత

ముందు కాగితం మీద పూర్తి గీతల బొమ్మ తయారు చేసుకోవాలి. ఫొటోని అసలు సైజులో ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, పెన్సిల్‌తో, తర్వాత సిరాతో గీయండి. చెరపడాలు, దిద్దడాలు అన్నీ ఇక్కడే కానిచ్చేయండి. పట్టు మీద సిరా పడితే పోదు.

ఈ దశలో పక్షిని చూసి అర్థం చేసుకోవడం ముఖ్యం. సోంగ్ చక్రవర్తి హుయిజోంగ్ స్వయంగా చిత్రకారుడు. ఆయన గురించి ఒక కథ ఉంది. రాజభవనంలో లిచీ చెట్టు కింద తిరుగుతున్న నెమలిని వేయమని ఆస్థాన చిత్రకారులని పిలిచాడు. అందరూ రంగులు కుమ్మరించి వేశారు. నెమలి దిబ్బ ఎక్కడానికి కుడి కాలు ఎత్తినట్టు ఉంది. ఆయన బాగోలేదన్నాడు కానీ ఎందుకో చెప్పలేదు. కొన్ని రోజుల తర్వాత మళ్లీ పిలిచి అడిగినా వాళ్లు చెప్పలేకపోతే, నెమలి పైకి ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలే ఎత్తుతుంది అన్నాడట.

కవి సూ షీ ఇలాంటిదే ఇంకోటి రాశాడు. హ్వాంగ్ చ్యువాన్ ఎగిరే పక్షికి మెడ, కాళ్లు రెండూ చాచి వేశాడు. ఎవరో చూసి, మెడ ముడిస్తే కాళ్లు చాస్తుంది, కాళ్లు ముడిస్తే మెడ చాస్తుంది, రెండూ చాచే పక్షి లేదు అన్నారట. మన చెరువు గట్టున తెల్ల కొంగని చూస్తే ఈ మాట నిజమే, మెడ మడిచి, కాళ్లు వెనక్కి చాచి పోతుంది. కానీ సారస కొంగల జాతి రెండూ చాచే ఎగురుతుంది. 1112లో రాజభవనం మీదుగా ఎగిరిన కొంగలు హుయిజోంగ్ పేరు మీద ఉన్న చిత్రంలో అలాగే ఉంటాయి, ఆ చిత్రం ఇప్పుడు షెన్యాంగ్‌లోని ల్యావ్‌నింగ్ మ్యూజియంలో ఉంది. సూత్రం కంటే పక్షినే నమ్మండి. పిట్ట కాలి గోరు కొమ్మని ఎలా పట్టుకుందో పది ఫొటోలు చూశాకే గీయండి. ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి.

గీతల కాగితాన్ని పట్టు కింద, దాదాపు ఆనేలా పెట్టండి. పట్టు పల్చన కాబట్టి గీతలు పైకి కనిపిస్తాయి, లైట్ బాక్స్ అక్కర్లేదు. అరచేతి కింద ఒక తెల్ల కాగితం ఉంచుకోండి. చెమట, నూనె అంటిన చోట రంగు పట్టదు, ఆ మచ్చ వాష్, అంటే పల్చటి రంగు పొర, వేసేదాకా కనిపించదు.

సిరా రాయి మీద కొన్ని చుక్కల నీళ్లు వేసి, కడ్డీని నిటారుగా పట్టి నెమ్మదిగా తిప్పండి. ఏ రోజుకారోజు నూరుకోవాలి. సిరాలో జిగురు ఉంటుంది, మన వేడికి మర్నాటికే కుళ్లు వాసన వేస్తుంది. ఒకే సిరాని మూడు గిన్నెల్లో మూడు చిక్కదనాల్లో కలపండి. కొమ్మకి, పక్షి ముక్కుకి, గోళ్లకి చిక్కటిది, ఆకులకి మధ్యస్థం, పండ్లకి బాగా పల్చటిది. పండు చుట్టూ నల్లటి గీత గీస్తే ఎంత రంగు వేసినా అది పండులా కనపడదు, చక్రంలా ఉంటుంది.

కుంచె నిటారుగా ఉండాలి. మోచెయ్యి కదలాలి, వేళ్లు కాదు. ఆకు గీత మొదట్లో కాస్త ఒత్తి, చివరికొచ్చేసరికి పైకి లేపండి. పండు గీతకి ఒత్తిడి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. ఊపిరి బిగబట్టి గీస్తే చెయ్యి వణుకుతుంది, నెమ్మదిగా వదులుతూ గీయండి. పక్షిని ముక్కుతో మొదలుపెట్టాలి, ఆ తర్వాత కన్ను, తల, వీపు, రెక్కలు, రొమ్ము, తోక, చివర కాళ్లు. రెక్కల పెద్ద ఈకలకి గీత ఉంటుంది. రొమ్ము, పొట్ట, మెడ దగ్గర గీత ఉండదు, చిన్న చిన్న సన్నటి వెంట్రుకలు మాత్రమే, అవీ ఒకదానికొకటి అంటకుండా.

రెండు కుంచెల పని

అసలు పని ఇదే. ఇక్కడ కాస్త ఆగి చదవండి.

కుడి చేతిలోనే రెండు కుంచెలూ ఉంటాయి. రాసే కుంచె బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పట్టుకుంటాయి, రెండోది ఉంగరపు వేలి సందులో పడుకుని ఉంటుంది. రంగు పెట్టగానే వేళ్లతో తిప్పి నీళ్ల కుంచె ముందుకి తెస్తారు. మొదట ఈ తిప్పుడు నవ్వొచ్చేలా ఉంటుంది. టీవీ చూస్తూ పొడి కుంచెలతో అలవాటు చేసుకోండి.

ఒక ఆకు తీసుకుందాం. నీలిమందులో కాస్త సిరా, బోలెడు నీళ్లు కలపండి, తెల్ల పళ్లెంలో వేస్తే మబ్బు రంగులా కనిపించేంత పల్చగా. నడి ఈనెకి ఒక పక్కన, మొదలు దగ్గర, గోరంత మేర ఈ రంగు పెట్టండి. వెంటనే నీళ్ల కుంచె తిప్పి, రంగు అంచు మీద సగం, ఖాళీ పట్టు మీద సగం పడేలా ఆనించి, ఆకు అంచు వైపు లాగండి. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ మాయమైందో తెలియకూడదు. నీళ్ల కుంచె తడిగా ఉండాలి కానీ కారకూడదు, ప్రతిసారీ గుడ్డకి ఒకసారి అద్దండి. నీళ్లెక్కువైతే అవి రంగుని వెనక్కి నెట్టి, ఎండాక మరకలా అంచు కడతాయి. అలా అయితే పూర్తిగా ఎండనిచ్చి, తడి కుంచెతో ఆ అంచుని మెల్లగా కరిగించి, గుడ్డతో అద్ది తీయొచ్చు. తడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే ఇంకా పాడవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, వాష్ వేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. నీళ్ల కుంచె వచ్చేలోపే రంగు అంచు ఎండిపోయి గీత పడుతుంది. ఉక్కపోత భరించాల్సిందే, లేదా పొద్దున్నే కూర్చోండి. పొర ఎండడానికి మాత్రం ఫ్యాన్ వేసుకోవచ్చు.

ప్రతి ఈనె పక్కనా దారమంత సన్నటి ఖాళీ వదలాలి. అక్కడ రంగు పడకపోతే వెలుతురు ఈనె మీద నిలబడినట్టు ఉంటుంది. లిన్ చున్ ఆకుల్ని పెద్దది చేసి చూస్తే ఇదంతా ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఇలా ఒక్కో ఆకుకి ఐదారు పొరలు. మొదటి పొర వేశాక ఏమీ కనిపించట్లేదని రంగు చిక్కగా కలపకండి. అందరూ చేసే పని అదే. మూడో పొర దాకా పేలవంగానే ఉంటుంది. నాలుగో పొరకి ఆకు మెలిక తిరగడం మొదలవుతుంది. మూడు పొరలయ్యాక, కొత్త తడికి కింది రంగు కదులుతుంటే, బాగా పల్చటి పటిక నీళ్లు ఒక్కసారి మెత్తగా పూసి ఆరనివ్వండి. చైనా చిత్రకారుల మాటల్లో మూడు పటికలు, తొమ్మిది పొరలు. అది లెక్క కాదు, ఎంత ఓపిక కావాలో చెప్పే తీరు.

ఆ తర్వాత పై రంగు. ఆకు ముఖం వైపు నీలిమందు, గాంబోజ్ కలిపిన పచ్చ పల్చగా ఒకే పొర. వెనక్కి తిరిగిన ఆకుకి మలకైట్ లేత ఆకుపచ్చ. ఎండిన అంచుకి జేగురు, పురుగు తిన్న కన్నం చుట్టూ ఎరుపు కలిపిన సిరా. పండుకి ముందు పసుపు, ఆరాక ఎండ తగిలే వైపు నుంచి లక్క ఎరుపు నీళ్లతో కరిగించుకుంటూ రెండు మూడు పొరలు.

పిట్ట

పక్షికి మొదట ఒంటి రంగు పల్చగా వేసి, వీపు, రెక్కల కింద సిరాతో లోతు తెప్పించండి. తర్వాత ఈకలు. మధ్యస్థం కుంచెని కొంచెం రంగులో ముంచి, గుడ్డకి బాగా అద్ది, వేళ్లతో మొనని చీల్చండి, నాలుగైదు పాయలుగా విడిపోతుంది. ఆ పొడి కుంచెతో ఈక పెరిగే దిక్కున చిన్నగా గీకితే ఒకేసారి నాలుగైదు వెంట్రుకలు పడతాయి. తల మీద పొట్టిగా, రొమ్ము మీద పొడుగ్గా, వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా. పొట్ట దగ్గర ఆలిచిప్ప తెలుపుతో చివరి వెంట్రుకలు, కొన్ని ఒంటి గీత దాటి బయటికి రావాలి.

కన్ను ఆఖరున. హుయిజోంగ్ పక్షుల కళ్లకి పచ్చి లాకర్ (చెట్టు పాల నుంచి వచ్చే మెరుపు పూత) చుక్క పెట్టేవాడని, అది గింజలా ఉబ్బి కదిలినట్టుండేదని 12వ శతాబ్దంలోనే రాశారు. మనం చిక్కటి సిరాలో కాస్త జిగురు కలిపి, ఆరనిస్తూ రెండు మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి పెడితే చాలు. పైన వెలుతురు చుక్క సూది మొనంత.

వెనక వైపు

పట్టు మీద వేయడంలో ఉన్న అసలు లాభం ఇక్కడే ఉంది, కాగితం మీద ఇది ఇంత బాగా కుదరదు. ఫ్రేమ్ తిప్పి, బొమ్మ వెనక నుంచి పిట్ట రొమ్ముకి తెలుపు, ఆకులకి మలకైట్ పల్చగా వేయండి. నేత సందుల్లోంచి ఆ రంగు ముందుకి మెత్తగా వస్తుంది, ముందున్న పారదర్శకమైన పొరలు దాని మీద వెలుగుతాయి. ముందు వైపు మందంగా పూస్తే చుట్ట చుట్టినప్పుడు రాలిపోతుంది, వెనక ఆ భయం తక్కువ. రంగు గీత దాటకుండా చూసుకోండి, దాటితే ముందు నుంచి నీడలా కనపడుతుంది.

సంతకం కొమ్మ మీదో మూలలోనో, వెతికితే కనపడేంత చిన్నగా. 1061లో సోంగ్ కాలపు చిత్రకారుడు ట్సుయ్ బాయ్ తన కుందేలు, పక్షుల చిత్రం మీద పేరు, ఏడాది చెట్టు మాను మీదే రాసి పెట్టాడు. ఎర్ర ముద్ర వేయాలనుకుంటే ఒక్కటి, చిన్నది.

ఫ్రేమ్ నుంచి కోసే ముందు ఒక రోజు ఆరనివ్వండి. వెనక పల్చటి కాగితం అంటించే పని మొదటిసారి తెలిసినవాళ్లతో చేయించుకోవడం మేలు, తడి జిగురుతో పట్టు సాగి ముడత పడుతుంది. ఫ్రేమ్ కట్టేవాళ్లకి మాత్రం అద్దం పట్టుకి తాకకుండా మధ్యలో మౌంట్ (అంచుల చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టమని గట్టిగా చెప్పండి. తాకితే వానాకాలంలో తేమ పట్టి బూజు వస్తుంది. ఎండ పడే గోడకి వద్దు, గాంబోజ్, లక్క ఎరుపు రెండూ ఎండకి వెలిసిపోతాయి.